ఎగిరే అమ్మాయి వచ్చిన వారం

మా చెల్లెలి కూతురు పద్మ ఈ మధ్యే కాకినాడలో ఒక పెద్ద సినిమా హాలులో ఫ్లోరు మేనేజరుగా చేరింది. ఒకే కప్పు కింద నాలుగు తెరలట. "మావయ్యా, నువ్వు ఇరవై రెండేళ్ళు హాలులో పనిచేసేవు కదా. నాకు పనికొచ్చే ముక్కలేవైనా ఉంటే రాసి పెట్టు" అంది. నేను ఏ సంవత్సరం క్లర్కునయ్యానో, ఏ సంవత్సరం మేనేజరునయ్యానో దానికి అక్కర్లేదు. లైసెన్సు కాగితాల సంగతి నాకంటే దానికే బాగా తెలుసు. అందుకని అవన్నీ వదిలేస్తున్నాను. నేను చేసిన రెండు తప్పులు, అందులో ఒకటి నా మొహాన చూపించిన ఒక మనిషి, ఒక ఇంగ్లీషు బొమ్మ. వీటి గురించి మాత్రం రాస్తాను.

నా చదువు

పదో తరగతిలో నాకు లెక్కల్లో తొంభై మూడు, ఇంగ్లీషులో పద్దెనిమిది వచ్చాయి. చదువు అక్కడితో ఆగింది. రామచంద్రపురంలో ఒక రైసు మిల్లు గుమాస్తా గారి పక్కన ఏడాదిపాటు కూర్చుని శాతాలు, సగటులు నేర్చుకున్నాను. ఆ తర్వాత కొత్తపేటలో ఒక సినిమా హాలు బుకింగులో చేరాను.

చేరిన వారమే ఒక పొడుగు పుస్తకం కొన్నాను. ప్రతి ఆటకీ ఒక వరస. మగవాళ్ళు ఎంతమంది, ఆడవాళ్ళు ఎంతమంది, వాన పడిందా, కరెంటు ఎన్ని నిమిషాలు పోయింది, అన్నీ అందులో ఎక్కేవి. ఇలా రాయమని నాకెవరూ చెప్పలేదు. అంకెలు కాగితం మీద వరసగా నిలబడితే నాకు కడుపు నిండినట్టుండేది. రెండేళ్ళు తిరిగేసరికి శుక్రవారం ఆటకి ఎంతమంది వస్తారో బుధవారమే చెప్పగలిగాను. పదిసార్లు చెబితే ఎనిమిదిసార్లు పాతికమంది అటూ ఇటూగా సరిపోయేది.

తప్పిన రెండింటిలో ఒకటి చెబుతాను. ఒక పెద్ద హీరో బొమ్మకి హాలు పట్టదని లెక్కవేసి, వంద మడత కుర్చీలు అద్దెకి తెప్పించాను. సరిగ్గా ఆ వారమే కాలవలకి నీళ్ళు వదిలేరు. ఊరు ఊరంతా నాట్లలోకి దిగిపోయింది. ఆ వంద కుర్చీలూ మడతలు విప్పకుండానే వెనక్కి వెళ్ళాయి. నా పుస్తకంలో నీళ్ళు వదిలే రోజుకి గడి లేదు. మర్నాడు గీశాను. అంతటితో ఆ తప్పు తీరిపోయింది. ఇంకో గడి గీసినా తీరని తప్పు ఒకటి ఉంది. అసలు చెప్పవలసింది దాని గురించే.

ఒళ్ళో పిల్లలు

మా హాలుకి రెండు గేట్లు. మెయిన్ రోడ్డు వైపు మగవాళ్ళది. కాలవ గట్టు వైపు సందులో ఆడవాళ్ళది. ఆడవాళ్ళకి టిక్కెట్ల కిటికీ వేరు. లోపల నడుమెత్తు చెక్క గోడకి అవతల పది బెంచీలు వేరు. బెంచీకి పన్నెండుమంది చొప్పున నూట ఇరవై చోట్లు.

ఆ కిటికీ, ఆ గేటు, ఆ పది బెంచీలు సత్యవతి గారి రాజ్యం. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. కిటికీలో కూర్చుని టిక్కెట్లు ఇచ్చేది ఆవిడే, గేటు దగ్గర చింపేది ఆవిడే, తప్పిపోయిన పిల్లల్ని చంకనేసుకుని తల్లుల్ని వెతికేది ఆవిడే. భర్త మస్కట్‌లో పరంజా మీంచి పడి, నడుం దెబ్బతిని తిరిగొచ్చాడు. ఆవిడ తెచ్చేదే ఆ ఇంటికి ఆధారం. కూతురు అప్పటికి ఏడో తరగతి.

నేను చేరిన కొత్తలో ఒకరోజు ఆవిడ నా పుస్తకంలోకి తొంగి చూశారు.

"ఇవాళ నా బెంచీల మీద ఎంతమందని రాసేరండీ?"

"ఎనభై ఆరుగురండి. ఎనభై ఆరు టిక్కెట్లు చిరిగేయి."

"నేను నూట పదమూడు మంది చేత నోరు మూయించేనండీ. మీ లెక్కలో ఒళ్ళో పిల్లలు లేరండీ!"

ఆ రోజు నుంచి ఒళ్ళో పిల్లలకి కూడా ఒక గడి పెట్టాను. ఆ గడి ఒకనాడు మాకు ఎంత అవసరమవుతుందో అప్పుడు తెలియదు. పద్మా, తెగిన టిక్కెట్టూ వచ్చిన మనిషీ ఒకటి కాదు. కంప్యూటరు చెప్పే అంకె చూసుకున్నా, ఆటకి ఒక్కసారైనా నువ్వే లోపలికెళ్ళి చూడు.

సున్నా

తొంభైల నడుమ ఇళ్ళల్లోకి కేబుల్ టీవీ వచ్చింది. మాట్నీకి ఆడవాళ్ళు పలచబడ్డారు. మా ఓనరు సుబ్బారాయుడు గారు కొబ్బరి తోటల ఆసామీ. హాలు ఆయనకి సరదా, లెక్క ఆయనకి నమ్మకం. నా పుస్తకం మీద ఆయనకి ఉన్నంత గురి నాక్కూడా లేదేమో. ఒక బుధవారం పొద్దున్న పిలిపించి ఆడవాళ్ళ లెక్క అడిగారు. తొమ్మిదేళ్ళ అంకెలు ఒక కాగితం మీదకి ఎక్కించి, ఎర్ర సిరాతో గీతలు కొట్టి మరీ చూపించాను. నాకెంత గర్వమో!

"ఉదయం ఆటకి?" అన్నారాయన.

"ఆడవాళ్ళు సున్నా అండి. తొమ్మిదేళ్ళూ సున్నాయే."

"మాట్నీకి తగ్గిపోయేరు, పొద్దున్న అసలే లేరు. ఇంక ఆ కిటికీ ఎందుకయ్యా మూర్తీ? ఆ గది కిళ్ళీ కొట్టుకి ఇచ్చేద్దాం. వచ్చే ఆడవాళ్ళెవరో మగవాళ్ళ గేటులోంచే వస్తారు. సత్యవతికి ఈ నెలాఖరుదాకా టైమివ్వు."

"ఆయ్" అని వచ్చేశాను.

ఆ మాట ఆవిడకి చెప్పవలసింది నేనే. సందులోకి వెళ్ళేసరికి కిటికీ ఊచలు తుడుస్తున్నారు. చెప్పాను. ఆవిడ గుడ్డ పిండి ఊచకి ఆరేసి, నెమ్మదిగా అడిగారు.

"ఉదయం ఆటకి ఆడవాళ్ళు సున్నా అని చూపించేరాండీ?"

"ఉన్నదే చూపించేనండి."

"తొమ్మిదేళ్ళలో ఉదయం పూట నా కిటికీ ఎన్నిసార్లు తీయించేరండీ?"

ఒక్కసారి కూడా తీయించలేదు. మా ప్రాంతంలో హాళ్ళ పద్ధతే అది. ఉదయం ఆటకి తెలుగు మాటలు పెట్టిన ఇంగ్లీషు బొమ్మలు వేసేవారు. ఆడవాళ్ళు ఇంగ్లీషు బొమ్మలకి రారని ఆడవాళ్ళ కిటికీ మూసే ఉంచేవారు. రారు కాబట్టి మూశారో, మూశారు కాబట్టి రాలేదో ఎవరూ అడగలేదు. నేను కూడా అడగకుండా తొమ్మిదేళ్ళు సున్నాలు చుట్టాను.

"మా మేనత్త ఒకావిడ ఇంటికి తాళం వేసుకుని, అరుగు మీద కూర్చుని, చుట్టాలు రావట్లేదని ఏడ్చేదండీ" అన్నారు సత్యవతి గారు. "మీ లెక్క అచ్చం అలాగే ఉందండీ."

ఆ రోజు మధ్యాహ్నం పుస్తకం మళ్ళీ మొదటి నుంచీ తిరగేశాను. అంకెల్లో తప్పు లేదు. ఆ అంకెలు పట్టుకెళ్ళి ఒక మనిషి ఉద్యోగం తీయించినవాణ్ణి నేనే.

పెట్టె

మర్నాడు రావలసిన తెలుగు బొమ్మ ప్రింటు రాలేదు. వారం ఖాళీ ఉండకూడదని రీళ్ళ పెట్టెతో డిస్ట్రిబ్యూటరు తరఫు రిప్రజెంటేటివ్ వచ్చాడు. ఇంగ్లీషు వాళ్ళు ఎప్పుడో తీసిన బొమ్మ, తెలుగు మాటలతో మా దాకా వచ్చేసరికి దాదాపు పదేళ్ళు పట్టింది. ఎగిరే మగవాళ్ళ బొమ్మలు మేం అప్పటికి మూడు ఆడించాం. ఆడపిల్ల ఎగిరే బొమ్మ మా హాలుకి రావడం అదే మొదలు.

"ఉదయం ఆట, సెకండు షో చాలండి" అన్నాడు రిప్రజెంటేటివ్. "కుర్రాళ్ళు వస్తారు, ఈలేసుకుంటారు, పోతారు." పోస్టర్లూ అలాగే ఉన్నాయి. ఎగిరే పిల్లని కింద నుంచి తీసిన ఫొటో. గోడ నిండా కాళ్ళే. మొహం అగ్గిపెట్టంత.

ఏ ప్రింటు వచ్చినా ఆపరేటరు కాశీ గారు ముందు ఒకసారి ఖాళీ హాలులో వేసి చూసేవారు. అతుకులు తెగితే ఆట మధ్యలో పరువు పోతుందని. ఆ ఉదయం సత్యవతి గారు బెంచీల కింద ఊడుస్తున్నారు. ఒకటో రీలు అయ్యేసరికి చీపురు నిలబెట్టారు. మూడో రీలుకి బెంచీ మీద కూర్చున్నారు.

కథ చిన్నదే. ఓడరేవు ఊళ్ళో ఆఫీసులో టైపు కొట్టుకునే అమ్మాయి. ఎవరికైనా ఆపదొస్తే నీలం అంగీ తొడుక్కుని ఎగురుతుంది. ఎవరూ నమ్మరు, పై ఆఫీసరు రోజూ తిడుతుంటాడు. ఎనిమిదో రీలులో వరదొచ్చి, జనంతో నిండిన పడవ నది మధ్యలో మునిగిపోతుంటే, ఆ అమ్మాయి నీళ్ళలోకి దూకి, అడుగు నుంచి పట్టుకుని పడవ పడవంతా పైకెత్తుతుంది.

సత్యవతి గారు లేచి నిలబడ్డారు. చీపురు చేతిలోనే ఉంది.

"పంటు మీద గోదారి దాటిన ఆడది ఎవరైనా సరే, ఈ ముక్క చూడాలండీ మేనేజరు గారూ. ఇది కుర్రాళ్ళ బొమ్మ కాదండీ. ఇది నా బెంచీల బొమ్మ."

నేను సైకిలెక్కి ఓనరు గారి కొబ్బరి కళ్ళానికి వెళ్ళాను. ఆ బొమ్మని మాట్నీ కూడా వేసి, ఆడవాళ్ళ కిటికీ తెరుద్దామన్నాను.

"ఏమయ్యా, నిన్న సున్నా అన్నదీ నువ్వే, ఇవాళ తెరవమంటున్నదీ నువ్వే. నీ అంకెలకి జ్వరమొచ్చిందా?"

"నిన్నటి లెక్క తప్పండి. రాలేదని రాసేను. మనం రానివ్వలేదని రాయలేదండి."

"సరే. రేపు శుక్రవారం నుంచి గురువారందాకా నీ ఇష్టం. ఈ ఏడు మాట్నీల్లో ఒక్కదానికైనా పది బెంచీలూ నిండాలి. నిండితే కిటికీ ఉంటుంది, సత్యవతి ఉంటుంది. లేకపోతే కిళ్ళీ కొట్టు. మళ్ళీ నా దగ్గరికి రాకు."

ఆయన గురించి ఒక మాట. మొండి మనిషి, కానీ అన్న మాట మీద ఉండే మనిషి. అలాంటి ఓనరు దొరికితే అదృష్టం. కాకపోతే నీ లెక్కని కళ్ళు మూసుకుని నమ్మే ఓనరు ముందు మరీ జాగ్రత్తగా ఉండాలి. నువ్వు తప్పితే ఆయన్ని ఆపేవాళ్ళు ఉండరు.

పదకొండు, తొమ్మిది

శుక్రవారం మాట్నీకి ఆడవాళ్ళు పదకొండుమంది. శనివారం తొమ్మిదిమంది. మగవాళ్ళ వైపు కుర్రాళ్ళు పోస్టరు చూసి వచ్చి, పోస్టరులో ఉన్నది తెర మీద లేదని గోల చేశారు. నేను గదిలో కూర్చుని ఆ రెండు అంకెలే మళ్ళీ మళ్ళీ కూడాను. సత్యవతి గారు మాత్రం వచ్చిన ఇరవైమందినీ గేటు దగ్గర ఆపి మాట్లాడారు. శనివారం సాయంత్రం ఆవిడే వచ్చి నాకు అప్పజెప్పారు.

"బొమ్మ బాగుందన్నారండీ, ఇరవైమందీ. పక్కింటివాళ్ళని ఎందుకు తీసుకురాలేదంటే రెండు ముక్కలు చెప్పేరు. ఒకటి, గోడ మీద ఆ కాళ్ళు. ఇళ్ళల్లో మగాళ్ళు వద్దంటున్నారు. రెండు, పిల్లలు బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో ఉండాలి, గేదె పాలు తియ్యాలి. పలివెల బస్సు నాలుగూ పాతికకి పోతే మళ్ళీ అయిదూ ముప్పావుకి గానీ లేదండీ."

రెండోది నా పని. పుస్తకం తీశాను. రీళ్ళ అట్టల మీద ఫిల్ము ఎన్ని అడుగులో రాసుంటుంది. అన్నీ కలిపితే తొమ్మిది వేల తొమ్మిది వందలు. మిషను నిమిషానికి తొంభై అడుగులు లాగుతుంది. అంటే నూట పది నిమిషాల బొమ్మ. మన తెలుగు బొమ్మ కంటే ముప్పావుగంట పొట్టి! ముందు వేసే ప్రకటనల స్లైడ్లకి ఎనిమిది నిమిషాలు, ఇంటర్వెల్‌కి పన్నెండు. రెండున్నరకి మొదలుపెడితే నాలుగూ నలభైకి వదులుతాం, బస్సు పోతుంది. రెండింటికే మొదలుపెడితే నాలుగూ పదికి వదులుతాం. బస్టాండుకి నడక ఆరు నిమిషాలు. ఇంకా తొమ్మిది నిమిషాలు మిగులుతాయి.

పదేళ్ళుగా మాట్నీ రెండున్నరకే. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆ రాత్రికి బోర్డు మీద 'రెండు' అని రాయించాను.

మైకు

పోస్టర్ల మీద తెల్లకాగితం అంటించి, బోర్డులు రాసే ఆయన చేత పడవెత్తిన అమ్మాయిని గీయించాం. ఆయనకి ఇంగ్లీషు పడవ తెలియదు. మన పంటు గీశాడు, మీద రెండు సైకిళ్ళు కూడా పెట్టాడు. అదే మంచిదయింది.

ఆదివారం పొద్దున్న మైకు రిక్షా బయలుదేరాలి. ఎప్పుడూ అరిచే ఆయనకి గొంతు పట్టేసింది. "ఇలా ఇవ్వండీ" అని సత్యవతి గారు మైకు అందుకుని రిక్షాలో కూర్చున్నారు. నేను సైకిలు మీద వెనకాల. కొత్తపేట వీధుల్లో, పలివెల గుడి చుట్టూ ఆవిడ గొంతు ఖంగుమంది.

"అమ్మా, వదినా, పిన్నీ! నేను సినిమా హాలు లేడీస్ గేటు సత్యవతినండీ! గోడల మీద కాళ్ళు చూసి హడిలిపోకండీ, ఆ కాళ్ళకి పైన బంగారం లాంటి పిల్ల ఉందండీ! మునిగిపోయే పడవని ఒంటిచేత్తో ఎత్తుద్దండీ! రెండింటికి మొదలు, నాలుగూ పదికి వదిలేస్తాం. నాలుగూ పాతిక బస్సు మీదేనండీ!"

పలివెలలో అరుగు మీద కూర్చున్న ఒకాయన నవ్వుతూ అడ్డం వచ్చాడు. "ఏమ్మా, ఆ బొమ్మ చూసి మా ఆవిడ కూడా ఎగిరిపోతేనో?"

"ఎగిరే ఓపికెక్కడిదండీ ఆవిడకి? మీ పంచెలుతికేసరికే సరిపోతుంటే!"

అరుగు మీద అందరూ గొల్లుమన్నారు. తలుపు చాటున ఆవిడ కూడా నవ్వింది. ఆ మధ్యాహ్నం ఆవిడ మరో నలుగురిని వెంటబెట్టుకుని వచ్చింది.

ఆదివారం ముప్పై ఎనిమిది. సోమవారం యాభై రెండు. మంగళవారం డెబ్భై ఒకటి. బుధవారం తొంభై నాలుగు. సందులో వరస కాలవ గట్టు దాకా వెళ్ళింది. కానీ నూట ఇరవై కాలేదు. మిగిలింది గురువారం ఒక్కటే.

గురువారం

ఓనరు గారు స్వయంగా వచ్చి నా గదిలో కూర్చున్నారు. రెండింటికి ఆట మొదలైంది. నేను ఆడవాళ్ళ టిక్కెట్ల ముక్కలు లెక్కపెట్టాను. నూట పదిహేడు. మళ్ళీ లెక్కపెట్టాను. మళ్ళీ నూట పదిహేడే.

సత్యవతి గారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. నా మొహం చూసి ఆవిడకి అర్థమైంది. ఇంకో మూడు కలిపి రాస్తే అడిగేవాళ్ళు లేరు. ఆ ఆలోచన రాలేదంటే అబద్ధం. కానీ ఒకసారి వంకర అంకె రాస్తే ఆ పుస్తకంలో ఏ అంకెకీ విలువ ఉండదు.

"నూట పదిహేడండి" అన్నాను. "మూడు తక్కువ."

ఓనరు గారు తలూపారు. సత్యవతి గారు నన్నొక చూపు చూసి గేటు దగ్గరికి వెళ్ళిపోయారు.

సరిగ్గా ఎనిమిదో రీలులో, పడవ గాలిలో ఉండగా, కరెంటు పోయింది. జనరేటరు ఆ వారమే రిపేరుకి రావులపాలెం వెళ్ళింది. హాలంతా చీకటి. మగవాళ్ళ వైపు ఈలలు, బల్లలు చరచడం.

"ఇంక లేచిపోతారు" అన్నారు ఓనరు గారు టార్చి తీసుకుని లేస్తూ. ఆడవాళ్ళ తలుపు దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. లోపల ఒక ముసలావిడ గొంతు గట్టిగా వినిపించింది.

"ఎక్కడికే లేస్తున్నావు? ఆ పిల్ల అంత బరువు పట్టుకుని నిలబడితే, దింపకుండా వదిలేసి పోతామా? కూర్చో!"

నవ్వులు. ఎవరూ కదల్లేదు.

పన్నెండు నిమిషాలు, పదమూడు, పద్నాలుగు. కరెంటు వచ్చింది. నేను వేళ్ళ మీద లెక్కవేశాను. ఇప్పుడు నాలుగూ ఇరవై నాలుగుకి వదులుతాం. ఆరు నిమిషాల నడక. బస్సు అయిదు నిమిషాల ముందు పోతుంది. మైకులో మాట ఇచ్చాం! సత్యవతి గారికి చెప్పాను.

"కంగారు పడకండీ. ఇందాక దబాయించిన ముసలావిడ ఉన్నారే, ఆ బస్సు కండక్టరు గారి అమ్మగారేనండీ. ఆవిడెక్కకుండా బస్సు కదలదు."

ఓనరు గారు అదేమీ వినడం లేదు. టార్చి వెలుగు ఒక్కో బెంచీ మీద పాకిస్తున్నారు. ఒకటి, రెండు, అలా పది దాకా. ఎక్కడా చోటు లేదు. పిల్లలు ఒళ్ళలోంచి దిగి, బెంచీల చివర్లలో ఇరుక్కుని కూర్చుని, నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు.

"ఖాళీ ఏదయ్యా?"

"టిక్కెట్లు నూట పదిహేడేనండి. ఒళ్ళో పిల్లలు నలభై ఒక్కరు. వేరే గడిలో రాసుకున్నానండి."

"నీ పుస్తకం మూడు తక్కువంటోంది. నా కళ్ళకి నిండిపోయింది." ఆయన టార్చి ఆర్పారు. "బెంచీలు నిండాలన్నాను కానీ టిక్కెట్లు అనలేదు కదా. కిళ్ళీ కొట్టు ఇంకెక్కడైనా పెట్టుకోమను."

సత్యవతి గారు తల తిప్పి తెర వైపు చూశారు. అప్పుడే ఆ అమ్మాయి పడవని గట్టు మీద దింపింది. పది బెంచీలూ ఒక్కసారి ఊపిరి వదిలాయి. బస్సు తొమ్మిది నిమిషాలు ఆలస్యంగా బయలుదేరిందని తర్వాత తెలిసింది.

ఒకటి

ఆ హాలు రెండువేల ఎనిమిది దాకా ఆడింది. ఇప్పుడు ఫంక్షన్ హాలు. చివరి ఆట దాకా ఆ కిటికీలో సత్యవతి గారే ఉన్నారు. ఆవిడ కూతురు డిగ్రీ అయ్యాక అమలాపురంలో టీచరయింది. హాలు మూశాక నేను కొన్నాళ్ళు కొబ్బరి గోడౌన్‌లో కాయలు లెక్కపెట్టి, అదీ మానేశాను. పుస్తకాలు మాత్రం అటక మీద ఉన్నాయి. పద్మా, కావాలంటే పట్టుకెళ్ళు.

పట్టుకెళితే ఆ గురువారం మర్నాటి శుక్రవారం పేజీ తీసి చూడు. కొత్త వారం, ఉదయం ఆట, మామూలు ఇంగ్లీషు బొమ్మ. ఆ పూట ఆడవాళ్ళ కిటికీ నేనే తీయించాను. ఆట మొదలయ్యేదాకా సందులో ఎవరూ లేరు. సత్యవతి గారు ఊచల వెనక గడియారం చూసుకుంటూ కూర్చున్నారు. స్లైడ్లు వేస్తుండగా ఒకావిడ గబగబా వచ్చింది. మెళ్ళో కొలతల టేపు ఇంకా అలాగే ఉంది. జాకెట్లు కుట్టే మనిషట.

"మధ్యాహ్నం నాకు పని ఉంటుందండీ. పొద్దున్నే ఖాళీ. ఈ కిటికీ ఎప్పుడు తీస్తారా అని ఎన్నేళ్ళ నుంచో చూస్తున్నాను" అంది.

సత్యవతి గారు టిక్కెట్టు చింపి, ఆ ముక్క తెచ్చి నా బల్ల మీద పెట్టారు. నేను పుస్తకం తెరిచి, తొమ్మిదేళ్ళ సున్నాల కింద 'ఒకటి' అని రాశాను.